కువైట్‌పై ఇరాక్ దండయాత్ర, 1990: ఏ దేశం ఎలా స్పందించింది? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది రాజంపేట వైపు. మా ఊళ్లో యాభై దాటిన వాళ్లెవరి ముందైనా యుద్ధం మాట ఎత్తితే ముందు కువైట్ గురించే చెప్తారు, ఎందుకంటే దాదాపు ప్రతి వీధిలోనూ ఒకరో ఇద్దరో అప్పుడు అక్కడ చిక్కుకుని కట్టుబట్టలతో తిరిగొచ్చారు. మా చిన్న మామయ్య వాళ్లలో ఒకరు. ఆయన కథ విన్న పిల్లలు, ఆఫీసులో స్నేహితులు నన్ను ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. తెలిసినంతవరకు సూటిగా రాశాను.

ఆ రోజు అసలు ఏం జరిగింది?

1990 ఆగస్టు 2, గురువారం. తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో ఇరాక్ సైన్యం సరిహద్దు దాటింది. కువైట్ అంటే మన పాత అనంతపురం జిల్లా కంటే కూడా చిన్న దేశం, కాబట్టి ఇరాక్ ట్యాంకులు కొన్ని గంటల్లోనే రాజధానిలో ఉన్నాయి. కువైట్ పాలకుడు (ఎమీర్) షేక్ జాబర్ సౌదీకి వెళ్లిపోయారు, ఆయన తమ్ముడు షేక్ ఫహాద్ దస్మాన్ ప్యాలెస్ దగ్గర చనిపోయారు. ఆగస్టు 8న సద్దాం హుస్సేన్ ప్రభుత్వం కువైట్‌ను ఇరాక్‌లో కలిపేసుకున్నామని ప్రకటించింది, నెలాఖరుకల్లా దాన్ని తమ 19వ రాష్ట్రం అంది. ఐక్యరాజ్య సమితిలో సభ్యత్వం ఉన్న ఒక దేశాన్ని పక్క దేశం పూర్తిగా మింగేసి మ్యాపులోంచే తీసేయాలని చూసింది. ప్రపంచం అంత గట్టిగా ఉలిక్కిపడటానికి కారణం అదే.

ఇరాక్ ఎందుకు చేసింది? కువైట్ తప్పు ఏమీ లేదా?

ఇరాన్‌తో ఎనిమిదేళ్లు యుద్ధం చేసి 1988లో బయటపడేసరికి ఇరాక్ నిలువునా అప్పుల్లో ఉంది. అందులో సుమారు 1,400 కోట్ల డాలర్లు కువైట్‌కే ఇవ్వాలి. అరబ్బులందరి తరఫున ఇరాన్‌ను ఆపింది మేమే కాబట్టి ఆ అప్పు రద్దు చేయండి అని సద్దాం వాదన, కువైట్ ఒప్పుకోలేదు. దానికి తోడు కువైట్, చమురు ఎగుమతి దేశాల సంఘం ఒపెక్ పెట్టిన కోటాకు మించి చమురు తోడి ధర పడగొడుతోందని, సరిహద్దులోని రుమైలా చమురు క్షేత్రం నుంచి తమ వాటా దొంగిలిస్తోందని ఆరోపించాడు. కోటా మీరడం నిజమే. కానీ బాకీ తగాదాకి ఇంటికొచ్చి గొడవపడటం వేరు, అప్పిచ్చినవాడి ఇంటినే ఆక్రమించడం వేరు.

కువైట్ ఒకప్పుడు ఇరాక్‌లో భాగమే అంటారు కదా?

ఒట్టోమన్ (పాత టర్కీ సామ్రాజ్యం) పాలనలో కువైట్‌కు ఇప్పటి ఇరాక్‌లోని బస్రాతో సంబంధం ఉంది, ఇరాక్ వాదన అక్కడి నుంచే వస్తుంది. కానీ 1961 జూన్‌లో కువైట్ స్వతంత్రం కాగానే ఇరాక్ అధినేత ఖాసిం అది మాదే అన్నప్పుడు ముందు బ్రిటిష్ సైన్యం, తర్వాత అరబ్ లీగ్ సైన్యం వచ్చి అడ్డంగా నిలబడ్డాయి. ఖాసిం పడిపోయాక 1963లో ఇరాకే కువైట్‌ను గుర్తించింది. 1990 నాటికి ఆ వాదనకు బలం లేదు.

అమెరికానే పచ్చజెండా ఊపిందని విన్నాను, నిజమా?

జూలై 25న బాగ్దాద్‌లో అమెరికా రాయబారి ఏప్రిల్ గ్లాస్పీ సద్దాంను కలిసినప్పుడు, అరబ్ దేశాల మధ్య సరిహద్దు తగాదాల్లో తమకంటూ ఒక అభిప్రాయం లేదన్న ధోరణిలో మాట్లాడారు. తగాదాను శాంతియుతంగా తేల్చుకోవాలని కూడా అన్నారు. దాన్ని అనుమతి అనడం నాకు సరి అనిపించదు. కానీ సరిహద్దులో అంత సైన్యం మోహరించి ఉన్నప్పుడు చెప్పాల్సినంత గట్టిగా ఎవరూ హెచ్చరించలేదు, అమెరికా కూడా. ఈజిప్ట్ అధ్యక్షుడు ముబారక్, సౌదీ రాజు, చాలామంది ఇది బెదిరింపే, డబ్బు కోసం ఒత్తిడి అనుకున్నారు.

ప్రపంచం ఎంత త్వరగా స్పందించింది?

అదే రోజు. ఇప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. ఆగస్టు 2నే న్యూయార్క్‌లో భద్రతా మండలి సమావేశమై 660వ తీర్మానం చేసింది: ఇరాక్ వెంటనే, ఏ షరతూ లేకుండా వెనక్కి వెళ్లాలి. 15 మందిలో 14 మంది అనుకూలం, యెమెన్ ఒక్కటే ఓటింగ్‌లో పాల్గొనలేదు. అమెరికా ఆ రోజే ఇరాక్ ఆస్తులతో పాటు కువైట్ ఆస్తులు కూడా స్తంభింపజేసింది. కువైట్‌వి ఎందుకంటే, అవి సద్దాం చేతికి పోకుండా. కువైట్‌కు విదేశాల్లో ఉన్న పెట్టుబడులు చాలా పెద్దవి, ప్రవాస ప్రభుత్వం సౌదీలోని తాయిఫ్‌లో కూర్చుని నెలల తరబడి నడిచింది ఆ డబ్బుతోనే.

భద్రతా మండలి ఎన్ని తీర్మానాలు చేసింది? ఒకటి సరిపోదా?

యుద్ధం మొదలయ్యేలోపు డజను. అన్నీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు కానీ కొన్ని తెలియాలి. ఆగస్టు 6న 661: ఇరాక్‌తో వ్యాపారం మొత్తం బంద్, మందులు, మానవతా దృష్టితో పంపే ఆహారం తప్ప. ఆగస్టు 9న 662: విలీనం చెల్లదు, ఇది ఏకగ్రీవం. ఆగస్టు 18న 664: విదేశీయులను వదిలిపెట్టాలి, ఇదీ ఏకగ్రీవం. ఆగస్టు 25న 665: ఆంక్షలు తప్పించుకునే ఓడలను సముద్రంలో ఆపవచ్చు. సెప్టెంబరు 25న 670: విమానాలకూ అదే వర్తిస్తుంది. చివరికి నవంబరు 29న 678: 1991 జనవరి 15లోపు ఇరాక్ ఖాళీ చేయకపోతే సభ్యదేశాలు అవసరమైన అన్ని మార్గాలూ వాడవచ్చు. యుద్ధం అన్న మాట అందులో లేదు, కానీ అర్థం అదేనని గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. 12 మంది అనుకూలం, క్యూబా, యెమెన్ వ్యతిరేకం, చైనా తటస్థం.

సోవియట్ యూనియన్ ఇరాక్‌కు మిత్రదేశం కదా, వీటో ఎందుకు చేయలేదు?

నా దృష్టిలో మొత్తం కథలో ఇదే పెద్ద మలుపు. ఇరాక్ చేతిలో ఉన్న ట్యాంకులు, విమానాలు చాలావరకు సోవియట్ సరుకే, వేలమంది సోవియట్ నిపుణులు ఇరాక్‌లో పనిచేస్తున్నారు. అయినా ఆగస్టు 3న మాస్కో విమానాశ్రయంలో సోవియట్ విదేశాంగ మంత్రి షెవర్ద్‌నాద్జే, అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ పక్కపక్కన నిలబడి ఆక్రమణను ఖండిస్తూ, ఇరాక్‌కు ఆయుధాలు ఆపాలని ఉమ్మడి ప్రకటన చేశారు. నలభై ఏళ్లపాటు ఊహకు కూడా అందని దృశ్యం అది. అప్పటికే సోవియట్ అధినేత గోర్బచేవ్‌కు దేశంలో ఆర్థికం కుదేలైంది, పశ్చిమ దేశాల సాయం కావాలి, బెర్లిన్ గోడ కూలి ఏడాది కూడా కాలేదు. సెప్టెంబరు 9న హెల్సింకీలో అమెరికా అధ్యక్షుడు బుష్, గోర్బచేవ్ కలిసి మళ్లీ ఇదే మాట చెప్పారు. అలాగని మాస్కో పూర్తిగా అమెరికా వెనకాల నడవలేదు. సైన్యం పంపలేదు, తన దూత ప్రిమకోవ్‌ను బాగ్దాద్‌కు పంపి భూతల యుద్ధం మొదలయ్యే ముందు రోజు వరకు రాజీ కోసం తిప్పలు పడింది.

చైనా సంగతి?

1989లో బీజింగ్‌లోని తియానన్మెన్ చౌక్‌లో నిరసనకారులను సైన్యం అణచివేశాక పశ్చిమ దేశాలు చైనాను దూరం పెట్టి ఏడాది దాటింది. ఆంక్షలకు ఓటేసింది, యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానం మీద వీటో వాడకుండా తటస్థంగా ఉండిపోయింది. ఆ ఓటు అయిన మర్నాడే దాని విదేశాంగ మంత్రి వాషింగ్టన్‌లో బుష్‌ను కలిశారు. రెండింటికీ సంబంధం లేదని నేను నమ్మలేను.

అరబ్ దేశాలన్నీ కువైట్ వైపే ఉన్నాయా?

లేవు. ఆగస్టు 10న కైరోలో అరబ్ లీగ్ శిఖరాగ్ర సమావేశం జరిగితే, ఆక్రమణను ఖండించి సౌదీ రక్షణకు అరబ్ సైన్యం పంపాలన్న తీర్మానానికి 21లో 12 దేశాలే ఓటేశాయి. కువైట్‌ను మింగడం తప్పని దాదాపు అందరూ ఒప్పుకునేవాళ్లే, కానీ దానికి మందు అమెరికా సైన్యమా అన్నచోట చీలిపోయారు. ఈజిప్ట్, సిరియా, మొరాకో సైన్యం పంపాయి. లిబియా, పాలస్తీనా విమోచన సంస్థ ఆ తీర్మానాన్ని వ్యతిరేకించాయి. అల్జీరియా, యెమెన్, జోర్డాన్ మధ్యలో.

సిరియా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హఫీజ్ అసద్, సద్దాం ఇద్దరూ బాత్ పార్టీ వాళ్లే, కానీ ఒకరంటే ఒకరికి పడదు. అసద్ అమెరికా కూటమిలో చేరి సౌదీ డబ్బు సంపాదించాడు, అక్టోబరులో లెబనాన్‌లో తనకు అడ్డుగా ఉన్న జనరల్ ఔన్‌ను తొలగిస్తే ఎవరూ గట్టిగా నోరెత్తలేదు. ఈజిప్ట్‌కు అమెరికా సుమారు 700 కోట్ల డాలర్ల సైనిక అప్పు మాఫీ చేసింది. న్యాయం కోసం నిలబడటం, లెక్క చూసుకోవడం రెండూ ఒకే మనిషిలో ఉన్నట్టే ఒకే దేశంలోనూ ఉంటాయి.

యెమెన్ ఎందుకు వ్యతిరేకించింది? దానికి ఏమైంది?

ఉత్తర, దక్షిణ యెమెన్‌లు కలిసి ఒక దేశమై అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. భద్రతా మండలిలో ఉన్న ఏకైక అరబ్ దేశం అదే. అరబ్బుల తగాదా అరబ్బులే తేల్చుకోవాలన్నది దాని పంతం, ఇరాక్‌తో స్నేహం కూడా ఉంది. 678 మీద వద్దు అని ఓటేసింది. దానికి చెల్లించిన మూల్యం వింటే కడుపు తరుక్కుపోతుంది. అమెరికా సాయం చాలావరకు ఆగిపోయింది. సౌదీ అంతకుముందే యెమెనీలకు ఉన్న ప్రత్యేక సౌకర్యం తీసేసి, సౌదీ స్పాన్సర్ ఉంటేనే ఉండాలంది, దాంతో సుమారు ఎనిమిది లక్షల మంది యెమెనీ పనివాళ్లు కొన్ని నెలల్లో తట్టాబుట్టా సర్దుకుని వెళ్లాల్సి వచ్చింది. సౌదీలో దుకాణం పెట్టుకుని, పిల్లల్ని చదివించుకుంటున్న మనిషికి న్యూయార్క్‌లో తన దేశ ప్రతినిధి చెయ్యి ఎందుకు ఎత్తాడో ఏం తెలుసు? ఈ మాట చెప్తే మా మామయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పాలస్తీనీయులు సద్దాంను ఎందుకు సమర్థించారు?

ఆగస్టు 12న సద్దాం ఒక మాట వదిలాడు: ఇజ్రాయెల్ ఆక్రమిత ప్రాంతాల నుంచి వెళ్తే నేనూ కువైట్ గురించి ఆలోచిస్తాను అని. ఏళ్లుగా సమితి తీర్మానాలు తమ విషయంలో అమలు కాకపోవడం చూసినవాళ్లకు ఆ మాట తగిలింది, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ పాలస్తీనా విమోచన సంస్థ నాయకుడు అరాఫత్ సద్దాం వైపు మొగ్గడం నా ఉద్దేశంలో పెద్ద పొరపాటు. కువైట్‌లో అప్పటికి నాలుగు లక్షల దాకా పాలస్తీనీయులు ఉండేవారు, టీచర్లు, ఇంజనీర్లు, గుమస్తాలు, అక్కడే పుట్టి పెరిగినవాళ్లు. వాళ్లలో కొందరు కువైటీలకు ఆశ్రయమిచ్చారు కూడా. కువైట్ విముక్తి అయ్యాక అనుమానం అందరి మీదా పడింది, అరెస్టులు, హింస, బహిష్కరణ, చివరికి మిగిలింది కొన్ని పదుల వేలమంది.

జోర్డాన్ రాజు ఎటు?

హుస్సేన్ రాజుకు ఏ వైపు వెళ్లినా నష్టమే. ప్రజల్లో సద్దాం మీద అభిమానం, చమురు ఇరాక్ నుంచే, ప్రాణాధారమైన సాయం పశ్చిమ దేశాల నుంచి. ఆక్రమణను ఒప్పుకోలేదు, కూటమిలోనూ చేరలేదు. గల్ఫ్ దేశాలు కోపంతో సాయం ఆపేశాయి. కానీ ఒకటి మాత్రం మరచిపోకూడదు: లక్షలమంది ఆసియా, ఈజిప్ట్ పనివాళ్లు తప్పించుకున్నది ఆ చిన్న, నీళ్లు కూడా సరిగ్గా లేని దేశం తలుపు తీయబట్టే.

సౌదీ తన నేల మీదికి అమెరికా సైన్యాన్ని ఎలా రానిచ్చింది?

భయంతో. ఇరాక్ సైన్యం సౌదీ సరిహద్దు దగ్గరే ఉంది. ఆగస్టు 6న అమెరికా రక్షణ మంత్రి డిక్ చెనీ జెద్దాలో ఫహాద్ రాజును కలిసి ఉపగ్రహ చిత్రాలు చూపించారు, రాజు ఆ భేటీలోనే ఒప్పుకున్నారు. పవిత్ర స్థలాలున్న దేశంలో విదేశీ సైన్యం అన్నది ముస్లిం దేశాలన్నిటా పెద్ద వివాదమైంది. దాని ఫలితాలు తర్వాత చాలా ఏళ్లు నడిచాయి, తన దాడులకు అల్ ఖైదా చెప్పిన ప్రధాన కారణాల్లో అదొకటి.

ఇరాన్ ఇరాక్ మీద పగ తీర్చుకోలేదా?

ఆక్రమణను ఖండించింది, అమెరికా సైన్యం రావడాన్నీ ఖండించింది. సద్దాం మాత్రం వెనక వైపు గొడవ లేకుండా చూసుకోవడానికి ఆగస్టు 15న ఇరాన్ షరతులన్నీ ఒప్పుకుని, 1975 నాటి సరిహద్దు ఒప్పందానికే తిరిగి వచ్చాడు. ఎనిమిదేళ్లలో లక్షలమంది చచ్చింది దేనికో ఆ సరిహద్దును ఒక్క ఉత్తరంతో వదిలేశాడు. ఇరాక్ తల్లులు ఆ వార్త ఎలా విన్నారో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

జపాన్, జర్మనీ డబ్బు ఇచ్చి ఊరుకున్నాయా?

రాజ్యాంగ పరిమితుల వల్ల పోరాడే సైన్యం పంపలేదు. జపాన్ 1,300 కోట్ల డాలర్లు ఇచ్చింది. అయినా యుద్ధం తర్వాత కువైట్ థాంక్స్ చెప్తూ వేసిన ప్రకటనలో జపాన్ పేరు లేదు, ఆ అవమానం వాళ్లను చాలా బాధపెట్టింది. తర్వాత శాంతి దళాలకు మనుషుల్ని పంపేలా 1992లో చట్టం చేసుకోవడానికి అదొక కారణం.

విదేశీయులను బందీలుగా పట్టుకున్నారా?

పట్టుకున్నారు. పశ్చిమ దేశాల వాళ్లను, జపానీయులను ఆనకట్టలు, ఫ్యాక్టరీలు, సైనిక స్థావరాల దగ్గర ఉంచారు, బాంబు వేస్తే వీళ్లే పోతారని. ఇరాక్ వాళ్లను అతిథులు అంది. బ్రిటన్ మాజీ ప్రధాని ఎడ్వర్డ్ హీత్, పశ్చిమ జర్మనీ మాజీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్, జపాన్ మాజీ ప్రధాని నకసోనె లాంటివాళ్లు, చివరికి బాక్సర్ మహమ్మద్ అలీ కూడా బాగ్దాద్ వెళ్లి కొంతమంది చొప్పున విడిపించుకొచ్చారు. డిసెంబరులో అందర్నీ వదిలేశారు.

ఇండియా గట్టిగా ఎందుకు ఖండించలేదు?

ఈ ప్రశ్నకు నా దగ్గర సుఖమైన జవాబు లేదు. అప్పుడు ప్రధాని వి.పి. సింగ్, విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్. ఇరాక్ మనకు పాత స్నేహితుడు, కశ్మీర్ విషయంలో పాకిస్తాన్ వైపు మాట్లాడని ముస్లిం దేశం, మన చమురులో పెద్ద వాటా ఇరాక్, కువైట్ నుంచే. అన్నిటికంటే ముఖ్యం, కువైట్‌లో సుమారు 1,70,000 మంది భారతీయులు ఉన్నారు, వాళ్ల ప్రాణాలు ఇరాక్ సైన్యం చేతిలో. ఆగస్టులో గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంను కలిశారు, సద్దాం ఆయన్ను కౌగిలించుకున్న ఫోటో ప్రపంచమంతా చూసింది, విమర్శలు వెల్లువెత్తాయి. కువైట్‌లోని రాయబార కార్యాలయాన్ని మూసి బస్రాకు మార్చడం కువైటీలకు ఇంకా బాధ కలిగించింది, ఎందుకంటే అది ఆక్రమణను ఒప్పుకున్నట్టు కనిపించింది.

అప్పుడు ఇండియా భద్రతా మండలిలో లేదు కాబట్టి ఆ డజను తీర్మానాల మీద ఓటు వేయాల్సిన అవసరం రాలేదు. 1991లో సభ్యురాలైంది, మార్చిలో 686వ తీర్మానం మీద తటస్థంగా ఉంది, ఏప్రిల్‌లో కాల్పుల విరమణ షరతులు పెట్టిన 687కి అనుకూలంగా ఓటేసింది.

మన వాళ్లను తెచ్చుకోవడం సరైన పనే, ఆ కౌగిలి వల్ల మా మామయ్య ఇంటికొచ్చాడంటే నేను కాదనలేను. కానీ ఒక చిన్న దేశాన్ని మింగేస్తుంటే స్పష్టంగా తప్పు అని చెప్పి కూడా మనవాళ్లను తెచ్చుకునే దారి వెతకాల్సింది. రెండూ చేయొచ్చా అన్నది ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలియాలి.

భారతీయుల తరలింపు ఎలా జరిగింది? సినిమాల్లో చూపించినట్టు ఒక్కరే చేశారా?

ఒక్కరి పని కాదు. కువైట్‌లోని భారతీయ వ్యాపారులు, ఉద్యోగులు కమిటీలుగా ఏర్పడి స్కూళ్లలో క్యాంపులు నడిపారు, బస్సులు మాట్లాడారు. ఢిల్లీలో విదేశాంగ శాఖ, విమానయాన శాఖ అధికారులు, ఎయిర్ ఇండియా పైలట్లు, సిబ్బంది, అమ్మాన్‌లో మన రాయబార కార్యాలయం, అందరూ పనిచేశారు. దారి ఏమిటంటే కువైట్ నుంచి బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి ఎడారి గుండా జోర్డాన్ సరిహద్దు, తర్వాత అమ్మాన్, అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి. ఆగస్టు 13న మొదలై రెండు నెలల పాటు 488 విమానాల్లో 1,11,000 మందికి పైగా వచ్చారు. పౌర విమానాల్లో అంతమందిని తరలించడం ప్రపంచ రికార్డు. కువైట్‌లో మిగిలిన ఆసియా వాళ్ల కోసం ఆహారం తీసుకుని ఒక ఇండియా ఓడ వెళ్లడానికి సమితి ఆంక్షల కమిటీ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది.

కష్టం మాత్రం అంకెల్లో కనపడదు. రెండు సరిహద్దుల మధ్య ఎడారిలో గుడారాల్లో రోజుల తరబడి, పగలు నిప్పులు, రాత్రి చలి, తాగే నీళ్లకు లైను. మామయ్య అక్కడ తొమ్మిది రాత్రులు గడిపాడు. పక్క గుడారంలో ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, ఇటువైపు బంగ్లాదేశీలు, ఎవరి దగ్గర రొట్టె ఉంటే వాళ్లు పంచేవారట.

తెలుగువాళ్లు ఎంతమంది, ఎక్కడివాళ్లు?

కేరళవాళ్లు ఎక్కువ, తర్వాత మనవాళ్లు కూడా గణనీయంగానే. కడప జిల్లా నుంచి, ఉభయ గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువ. మగవాళ్లు డ్రైవర్లు, కూలీలు, ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి. ఖద్దామాలుగా (ఇంటి పనిమనుషులుగా) వెళ్లిన ఆడవాళ్ల పరిస్థితి అందరికంటే ఘోరం. పాస్‌పోర్టు ఖఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఉంటుంది, ఖఫీల్ కుటుంబం రాత్రికి రాత్రి సౌదీకి పారిపోతే పాస్‌పోర్టు ఎక్కడుందో తెలియదు. పైగా దాచుకున్న కువైట్ దీనార్ విలువ ఇరాక్ దీనార్‌తో సమానమని ప్రకటించారు, అంతకుముందు అది దానికి ఎన్నో రెట్లు. తర్వాత ఆ నోట్లే చెల్లవన్నారు. నాలుగేళ్ల కష్టం నాలుగు వారాల్లో కాగితమైపోయింది.

దీనివల్ల ఇండియాలో మామూలు మనిషికి ఏమైంది?

జూలైలో బ్యారెల్ 17 డాలర్ల దగ్గరున్న చమురు అక్టోబరుకల్లా 40 దాటింది. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగింది, ఇరాక్, కువైట్‌లకు ఎగుమతులు ఆగాయి. అప్పటికే బలహీనంగా ఉన్న విదేశీ మారకం ఇంకా కరిగి, 1991 జూన్‌కు కొన్ని వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే మిగిలింది. దేశం బంగారం అమ్ముకుంది, విదేశీ బ్యాంకుల దగ్గర కుదువ పెట్టింది. అలాంటి స్థితిలో 1991 జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యారు, మన్మోహన్ సింగ్‌తో కలిసి సంస్కరణలు తెచ్చారు. సంక్షోభానికి గల్ఫ్ ఒక్కటే కారణం కాదు, బడ్జెట్ లోటు, అప్పులు ముందునుంచీ ఉన్నాయి. కానీ చివరి దెబ్బ అక్కడి నుంచే వచ్చింది.

మధ్యలో ఇంకో గొడవ. చంద్రశేఖర్ ప్రభుత్వం 1991 జనవరిలో అమెరికా సైనిక విమానాలు మన దగ్గర ఇంధనం నింపుకోవడానికి ఒప్పుకుంది. రాజీవ్ గాంధీ అభ్యంతరం చెప్పడంతో ఫిబ్రవరిలో ఆపేశారు.

ఆంక్షలు పనిచేస్తుంటే యుద్ధం దేనికి?

అమెరికాలోనే దీని మీద పెద్ద చర్చ జరిగింది. జనవరి 12న సెనేట్‌లో యుద్ధానికి అనుకూలం 52, వ్యతిరేకం 47. టర్కీ, సౌదీ పైపులైన్లు మూసేయడంతో ఇరాక్ చమురు ఎగుమతి దాదాపు సున్నా అయింది, కానీ సద్దాం కదల్లేదు. జనవరి 9న జెనీవాలో బేకర్, ఇరాక్ విదేశాంగ మంత్రి తారిఖ్ అజీజ్ గంటల తరబడి మాట్లాడుకున్నా ఏమీ తేలలేదు, సమితి సెక్రటరీ జనరల్ పెరెజ్ డి క్వెల్లార్ బాగ్దాద్ వెళ్లి ఒట్టి చేతులతో వచ్చారు. జనవరి 17న బాంబులు మొదలు, ఫిబ్రవరి 24న భూతల యుద్ధం, 28కి ముగిసింది.

ఆంక్షల గురించి నన్ను కలచివేసేది ఆ తర్వాతి సంగతి. కువైట్ విముక్తి అయ్యాక కూడా అవి 2003 వరకు నడిచాయి. మందుల్లేక, శుభ్రమైన నీళ్లు లేక నలిగింది సద్దాం కుటుంబం కాదు, మామూలు ఇరాకీలు.

ఇజ్రాయెల్ ఎందుకు ఊరుకుంది?

యుద్ధం మొదలయ్యాక ఇరాక్ ఇజ్రాయెల్ మీద దాదాపు 40 స్కడ్ క్షిపణులు వేసింది. ఇజ్రాయెల్ తిరగబడితే అరబ్ దేశాలు కూటమిలోంచి జారుకుంటాయన్నది సద్దాం ఎత్తు. అమెరికా బతిమాలి, స్కడ్‌లను గాల్లోనే అడ్డుకునే పేట్రియట్ క్షిపణులు పంపి ఇజ్రాయెల్‌ను ఆపింది.

అప్పుడు అబద్ధపు ప్రచారం కూడా జరిగిందట?

జరిగింది, దాచకూడదు. 1990 అక్టోబరులో ఒక కువైటీ అమ్మాయి అమెరికా చట్టసభ సభ్యుల ముందు ఏడుస్తూ, ఇరాక్ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పసిపిల్లలను తీసి నేలమీద పడేశారని చెప్పింది. ఆమె అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, దాని వెనక ఒక ప్రచార సంస్థ ఉందని తర్వాత బయటపడింది, ఆ కథ నిలబడలేదు. విచారం ఏమిటంటే ఇరాక్ సైన్యం నిజంగానే చంపింది, చిత్రహింసలు పెట్టింది, ఇళ్లు దోచింది, పోతూ పోతూ 600కి పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. నిజం అంత ఉండగా కల్పన కలిపితే, అనుభవించినవాళ్ల మాట కూడా జనం నమ్మరు.

ఉక్రెయిన్ విషయంలో ఇలా ఎందుకు జరగలేదు?

ఇరాక్‌కు వీటో లేదు, అణ్వస్త్రాలు లేవు. 2022 ఫిబ్రవరి 25న రష్యాను ఖండించే ముసాయిదా భద్రతా మండలికి వస్తే రష్యానే వీటో చేసింది. మార్చి 2న జనరల్ అసెంబ్లీలో 141 దేశాలు ఖండించాయి, 5 వ్యతిరేకించాయి, 35 తటస్థం, ఇండియా ఆ 35లో ఒకటి. ఈసారి కూడా అక్కడ మన విద్యార్థులు వేలల్లో ఉన్నారు, తెలుగు పిల్లలు కూడా. టీవీ ముందు కూర్చున్న తల్లిదండ్రుల టెన్షన్ చూస్తే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది, అప్పట్లో ఆమె రోజూ పోస్టాఫీసుకు నడిచి వెళ్లేది.

పనివాళ్లకు నష్టపరిహారం దక్కిందా?

దక్కింది, ఆలస్యంగా. ఇరాక్ చమురు ఆదాయంలో వాటా తీసి బాధితులకు ఇవ్వడానికి సమితి 1991లో పరిహార కమిషన్ పెట్టింది. దేశం వదిలి పారిపోయిన ఒక్కో మనిషికి 2,500 లేదా 4,000 డాలర్లు, ప్రభుత్వాల ద్వారా దరఖాస్తు. మొత్తం సుమారు 15 లక్షల మంది హక్కుదారులకు, సంస్థలకు, ప్రభుత్వాలకు కలిపి 5,240 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. ఆఖరి వాయిదా 2022లో కట్టారు. అంటే ఆ రోజు పుట్టని ఇరాకీలు కూడా ఆ అప్పు తీర్చారు.

మామయ్య ఫారం నింపడానికి ఒక ఏజెంటు వెయ్యి రూపాయలు తీసుకుని పేరు తప్పు రాశాడు. దాన్ని సరిచేయించడానికి రెండేళ్లు పట్టింది. డబ్బు వచ్చింది, దానితో ఇల్లు సగం కట్టారు, మిగతా సగం కోసం మళ్లీ కువైట్ వెళ్లారు.

కనిపించకుండా పోయినవాళ్లు దొరికారా?

కువైట్ 605 మంది పేర్లతో జాబితా ఇచ్చింది, ఎక్కువమంది కువైటీలు, కొందరు ఇతర దేశస్థులు. రెడ్‌క్రాస్ ఆధ్వర్యంలో 1991 నుంచి కమిటీ పనిచేస్తోంది. 2003లో సద్దాం పడిపోయాక ఇరాక్ ఎడారిలో సామూహిక సమాధులు బయటపడి చాలామంది అవశేషాలను గుర్తించారు, మళ్లీ ఈమధ్య కొన్నేళ్లలో మరికొందరిని. దాదాపు మూడు వందల మంది జాడ ఇప్పటికీ తెలియదు, వాళ్ల కోసం ఉపగ్రహ చిత్రాలు, పాత సైనికుల సాక్ష్యాలు పట్టుకుని ఇంకా తవ్వుతూనే ఉన్నారు.